అమ్ముకున్న నాలుగు చీటీలు

ఆరు రక్తపరీక్షలు నాలుగింటి ధరకి కొని, అందులో నాలుగు మళ్ళీ లాభానికి అమ్ముకున్నదాన్ని మా పేట మొత్తానికి నేనొక్కదాన్నే. మందుల షాపులో బేరమాడేవాళ్ళని చూశాను, ఆసుపత్రి గది అద్దె తగ్గించమని పట్టుబట్టేవాళ్ళని చూశాను. తన ఒంట్లో రక్తం ఎలా ఉందో చూపించుకోమని డాక్టరు చెప్తే, ఆ చూపించుకోవడాన్నే చిల్లరగా అమ్మి ల్యాబు చీటీకి యాభై మిగుల్చుకున్న మనిషిని ఇంకెక్కడా చూడలేదు. ఆ రెండు వందలతో కొట్టుకి కొత్త తాళం కొన్నాను. గట్టి తాళం. ఇప్పటికీ పనిచేస్తోంది.

మా కొట్టు ఒంగోలు వెళ్ళే రోడ్డు మీద. కారం, పసుపు, ధనియాలు అమ్ముతాం. సీజన్లో వెనక రేకుల షెడ్డులో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తారు. మా ఆయన ఊళ్ళు తిరిగి కాయ కొనుక్కొస్తాడు, నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాను. అలా కూర్చున్నదాన్ని ఒకరోజు ధర చెప్పబోయి, నోరు తెరిచి, అలాగే ఉండిపోయాను. కుడి దవడలో కరెంటు కొట్టినట్టయింది.

పంటి నొప్పి అనుకున్నాను. పళ్ళ డాక్టరు ఇంకో పరీక్ష చేయిస్తానంటే, అదంతా ఎందుకు పీకెయ్యండని నేనే తొందరపెట్టాను. ఒకటి పీకినా తగ్గలేదు. పక్కది కూడా పీకమన్నాను, రెండోదానికి సగం డబ్బే ఇచ్చాను. రెండూ రాయిలాంటి పళ్ళని తర్వాత తెలిసింది. ఫ్యాను గాలి తగిలినా, మొహం కడిగినా, అన్నం ముద్ద అటువైపు వెళ్ళినా అదే పోటు. అన్నిటికంటే మాట్లాడితే పోటు. రెండు నెలలు వేళ్ళు చూపించి ధర చెప్పాను. వేళ్ళతో ధర చెప్పొచ్చుగాని బేరం ఆడలేం. కొనేవాళ్ళు తోచినంత ఇచ్చి పోయేవాళ్ళు.

చివరికి గుంటూరులో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు మా ఆయన. ముఖంలో నరం తాలూకు నొప్పి అన్నాడాయన. ఫిట్స్‌కి వాడే మాత్రే దీనికీ పనిచేస్తుందట. రాసిచ్చి, కలం మూత పెట్టకుండానే చెప్పాడు.

"ఈ మందు ఎక్కడో ఒకరికి రక్తం మీద దెబ్బ కొడుతుందమ్మా. చాలా అరుదు. కానీ వస్తే చెప్పి రాదు. అందుకే మూడు నెలలు, రెండు వారాలకోసారి రక్తం చూపించుకోవాలి. మధ్యలో జ్వరంగాని, గొంతునొప్పిగాని, నోట్లో పుండ్లుగాని, ఒంటి మీద మచ్చలుగాని వస్తే ఉన్నపళంగా రండి."

"మాది మిరపకాయల కొట్టండీ," అన్నాను దవడ పట్టుకునే. "గొంతునొప్పీ మచ్చలూ లేని రోజు మాకు ఉండదు."

ఆయన నవ్వలేదు. "అందుకే రక్తం చూడమంటున్నా," అన్నాడు.

మా వీధి చివర ల్యాబు ఉంది. పరీక్షకి మూడు వందలన్నాడు అబ్బాయి. ఆరు పరీక్షలకీ డబ్బు ఒకేసారి కడతాను, ఎంతకిస్తావని అడిగాను.

"టెస్టులకి హోల్‌సేల్ ఉండదమ్మా."

"ఎందుకుండదు? సూదులు నువ్వు ఒక్కోటి కొంటున్నావా, డబ్బా కొంటున్నావా?"

ఒక్కో మాటకీ దవడ పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఆడాను ఆ బేరం. నా బేరాలన్నిటిలో అది గొప్పది. పన్నెండు వందలకి దిగొచ్చి, ముద్ర కొట్టిన ఆరు చీటీలు నా చేతిలో పెట్టాడు.

"వీటి మీద నా పేరు రాయవా?"

"పేరుదేముందమ్మా, చీటీ తెచ్చినవాళ్ళకి తీస్తాం," అన్నాడు.

అతను మామూలుగా అన్నాడు. నేను ఆ మాటని చీటీలతోపాటు మడిచి ఇంటికి తెచ్చుకున్నాను.

మాత్రలు వారంలో పనిచేశాయి. మళ్ళీ నోరు వచ్చింది. రెండు నెలల బేరాలు వడ్డీతో సహా ఆడాను. రెండు వారాలకి ఒక పరీక్ష, నాలుగు వారాలకి ఇంకోటి, రెండూ బాగున్నాయి. ఇక అక్కడ మా నాన్న మాట గుర్తొచ్చింది. ఆయనది పొన్నూరులో బియ్యం కొట్టు. బస్తాలోకి సన్నటి ఇనుప గొట్టం గుచ్చి, దాంట్లో పడ్డ గింజల్ని అరచేతిలో పోసుకుని, ఇంకో బస్తా విప్పకుండా లారీ మొత్తానికి ధర కట్టేవాడు. "ఒక గుచ్చు చాలు," అనేవాడు. నన్ను ఒకటికి రెండు గుచ్చులు గుచ్చారు. సరుకు మంచిది. మిగిలిన నాలుగు చీటీలు పెట్టెలో మురగబెట్టడం దేనికి?

కంటి ఆపరేషనుకి ముందు రక్తం చూపించుకోవాల్సిన బట్టల కొట్టాయన ఒకటి కొన్నాడు. కడుపుతో ఉన్న కోడలి కోసం టైలరు రెండు కొన్నాడు. బయట మూడు వందలు, నా దగ్గర రెండొందల యాభై. అందరూ సంతోషించారు. నాలుగోది తొడిమలు తీసే ఆవిడకి అమ్మాను. మా షెడ్డులో అందరికంటే పెద్దావిడ ఆమె, ఏడాదిగా కళ్ళు తిరుగుతున్నాయంటోంది. పెద్దాసుపత్రిలో ఊరికే చేస్తారు కదా అంటే, ఒక రోజు కూలి పోద్దిగా అంది. ఆ రెండొందల యాభైని రెండు వారాల కూలిలో కోసుకున్నాను. ఆమె ఆ చీటీని తన బైబిల్ అట్టలో దాచుకుంది, సీజను అయ్యాక వాడుకుంటానని.

మాత్రలు మాత్రం మానలేదు. అక్కడ నేను చాలా క్రమశిక్షణ గల మనిషిని.

ఆరో వారంలో నాలుక అంచున పుండ్లు లేచాయి. ఆ వారమే కొత్త కాయ దిగింది, ఘాటు అలాంటిది. గొంతు పట్టేసింది. షెడ్డులో అందరికీ పట్టేసింది. పళ్ళు తోముకుంటే బ్రష్షు ఎర్రబడింది. బ్రష్షు గట్టిదని పారేసి, మెత్తటిది పది రూపాయలు తగ్గించి కొన్నాను. మెట్లు ఎక్కితే ఆయాసం. ఎండలు ముదిరాయి. మోచేతుల దాకా చిన్న చిన్న ఎర్ర చుక్కలు, కుంకుమ చల్లినట్టు. కారం పట్టుకున్న చేతికి చుక్కలు రాక ఏమొస్తాయి? డాక్టరు చెప్పినవన్నీ ఒక్కోటే వరసగా వచ్చి నా గుమ్మంలో నిలబడుతుంటే, ఒక్కోదానికీ మిరపకాయ పేరు పెట్టి లోపలికి పిలిచాను.

ఆ శుక్రవారం ఒళ్ళు కాలుతోంది. అయినా కూలి లెక్క చూడ్డానికి షెడ్డులోకి వెళ్ళాను. డబ్బు అందుకోబోయిన పెద్దావిడ నా మణికట్టు పట్టుకుని వదల్లేదు.

"ఏందమ్మా ఈ చెయ్యి?"

"మిరప. ఇంకేముంది."

"మిరపా?" పక్కనున్నవాళ్ళని చూసి నవ్వింది. "నాకు మిరప గురించి చెప్పుద్దంట! ముప్పయ్యేళ్ళు తీశా తొడిమలు." తన ముంజేయి చాపింది. దాని నిండా ఎర్రటి దద్దు. బొటనవేలితో గట్టిగా నొక్కి తీసింది. నొక్కినచోట తెల్లబడి, మెల్లగా మళ్ళీ ఎర్రబడింది. "చూశావా? మిరప ఎరుపు నొక్కితే పోద్ది, మళ్ళీ వచ్చుద్ది."

తర్వాత నా చెయ్యి నొక్కింది. వేలు తీసింది. చుక్కలు అలాగే ఉన్నాయి. ఇంకోచోట నొక్కింది. అలాగే ఉన్నాయి. పైగా ఆమె వేలు పట్టిన మణికట్టు దగ్గర నల్లగా కమిలింది.

"ఇది పైన పడ్డది కాదు. లోపల్నుంచి వచ్చింది," అంది ఆమె, నవ్వు మానేసి.

"గిరాకీ టైము. సాయంత్రం చూద్దాంలే."

"నా దగ్గర బేరాలా? లెగు!" అని కసిరింది. సంచిలోంచి బైబిల్ తీసి, అట్ట మధ్యలోంచి చీటీ తీసి నా చేతిలో పెట్టింది. "నేనింకా వాడలా. పో."

ల్యాబు అబ్బాయి రక్తం తీశాడు. సూది గుచ్చినచోట దూది పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. ఆగట్లేదు. లోపలికి వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చి మిషన్లో ఏదో తేడా వచ్చింది, మళ్ళీ ఒకసారి పెడతానన్నాడు. రెండోసారి బయటికి వచ్చినప్పుడు నా మొహం వంక చూడలేదు.

"ఒక్కరే వచ్చారామ్మా? అన్నగారికి ఫోన్ చేయండి."

చీటీ అందించాను. తీసుకోలేదు. "ఉంచుకోండి, పర్లేదు," అన్నాడు. అడక్కుండా తగ్గించినవాడు నా జన్మలో లేడు. పైసా వద్దన్నవాడు అసలే లేడు. ఆ చీటీ పట్టుకున్న చేత్తోనే మా ఆయనకి ఫోన్ చేశాను.

గుంటూరు వెళ్తుంటే కారులో చెప్పాను మా ఆయనకి, చీటీల సంగతి.

"ఓసి నీ... రక్తం కూడా అమ్మేశావటే!"

"రక్తం కాదండీ. చీటీలు."

"ఇంకా బేరమే!" అన్నాడు. అని కిటికీలోంచి పత్తి కంపల వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

డాక్టరు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మాత్రలు అప్పటికప్పుడు ఆపించి, "మూడో పరీక్ష కాగితం ఏదమ్మా?" అని మాత్రం అడిగాడు. రక్తంలో గడ్డకట్టించే కణాలు తొమ్మిది వేలున్నాయట, లక్షన్నర ఉండాల్సినచోట. తెల్లకణాలు జ్వరంతో పోరాడేటన్ని లేవు. రక్తం తయారయ్యేది ఎముక మూలుగలో కాబట్టి అక్కడేం జరుగుతోందో చూడాలన్నారు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, నడుం ఎముకలోకి గొట్టం సూది దించారు. ఎముక లోపల్నుంచి ఏదో లాగుతుంటే గోడ వైపు చూస్తూ మా నాన్న రెండో మాట గుర్తుచేసుకున్నాను. చిన్నప్పుడు చాలాసార్లు విన్నదే, లాభం లేని మాట కాబట్టి దాచుకోలేదు. "చెమ్మ తగిలిన గోడౌన్లో బస్తాని వారం వారం గుచ్చాలే, నిన్నటి గుచ్చు ఇవాళకి చెల్లదు." చెమ్మ నేనే రోజుకి మూడుసార్లు మింగుతున్నాను.

మాత్ర ఆపిన మూడో రోజు దవడ పోటు తిరిగొచ్చింది. నర్సు దుప్పటి సర్దితే ఆ గాలికి కూడా. కేక పెడితే చిగుళ్ళలోంచి రక్తం వస్తుంది, అందుకని కేక పెట్టలేదు.

కణాలు ఎక్కించాలి, దాతల్ని తెచ్చుకోండన్నారు. మా చుట్టాల్లో ఇద్దరు వచ్చారు. ఆదివారం ప్రార్థన అయ్యాక పెద్దావిడ వాళ్ళ చర్చినుంచి నలుగురిని ఆటోలో వేసుకుని వచ్చింది. వాళ్ళలో ఎవరికీ నేనెవరో తెలియదు. ఆటో కిరాయి ఇవ్వబోతే మా ఆయన చెయ్యి తోసేసి, నా మంచం దగ్గరికి వచ్చి అడిగింది.

"నా చీటీ డబ్బులు రెండొందల యాభై. అయ్యి ఇయ్యి."

ఐదు వందల కాగితం ఇచ్చాను. ఉంచుకోమన్నాను. కొంగుముడి విప్పి, మూడు యాభైలూ ఒక వందా లెక్కపెట్టి నా దిండు మీద పెట్టి వెళ్ళింది.

పంతొమ్మిది రోజులు. ఇంటికి పంపిస్తూ డాక్టరు "చూద్దాం" అన్నాడు. "తగ్గింది" అనలేదు. ఆ మాటలో ఎంత మార్జిను ఉందో నాకు తెలుసు. ఆ జాతి మాత్ర నేను జన్మలో మళ్ళీ ముట్టకూడదు. ఇప్పుడిచ్చిన మందు పోటుని సగమే ఆపుతుంది. ల్యాబులో అడిగినంత ఇస్తున్నాను, చీటీ మీద నా పేరు రాయించుకుంటున్నాను. రోజూ పొద్దున దీపం పెట్టకముందే చేతులూ కాళ్ళూ వెలుగులోకి చాపి, కొత్త చుక్క ఏదైనా ఉందేమోనని వెతికి, ఉన్నవాటిని ఒక్కోటీ నొక్కి చూసుకుంటాను. తెల్లబడేదాకా ఊపిరి తీసుకోను.

ఇక లెక్క. నాలుగు చీటీల మీద వచ్చిన లాభం రెండు వందలు. నాలుగోది తిరిగొచ్చింది కాబట్టి నిజానికి నూటయాభై. ఆసుపత్రికి లక్షా ఎనభై వేలు, అందుకోసం కోల్డ్ స్టోరేజీలో దాచిన కాయని ధర లేనప్పుడు తెగనమ్మాం. నేను పీకించుకున్న మంచి పళ్ళు రెండు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు నలుగురిచ్చిన రక్తం, దానికి ధర అడిగే ధైర్యం నాకు లేదు. మిరపది తప్పు లేదు, డాక్టరుది లేదు, ల్యాబు అబ్బాయిది లేదు, మా నాన్నది అసలే లేదు. నిన్నటి పరీక్షలో కణాలు అరవై రెండు వేలు. ఉండాల్సింది లక్షన్నర. ఇంకా రావాల్సింది ఎనభై ఎనిమిది వేలు.