తట్టెడు మట్టి

బర్మాలో తన్లిన్ పట్నం దాటాక, పొలాల మధ్య ఉంటుంది మా తెలుగువాళ్ల ఊరు. నలభై ఇళ్లు. ఓడెక్కి వచ్చి యాంగోన్ రేవులో బియ్యం బస్తాలు మోసిన మా ముత్తాతలకు ఎవరికీ అక్కర్లేని పల్లపు నేల దొరికింది. వాళ్లు వాగు ఒడ్డు నుంచి మట్టి మోసి వీధిని మెరక చేశారు. ఏటా వానకు కొంత కరిగిపోతుంది. అందుకే వానలు మొదలయ్యేలోపు ఊళ్లోవాళ్లు, ఊరికి వచ్చినవాళ్లు తలా ఒక తట్టెడు మట్టి వీధిలో పొయ్యాలని మా కట్టుబాటు. యాంగోన్‌లో ఆఫీసు ఉద్యోగం చేసే నేనూ పోస్తాను. కొత్తల్లుడిగా వచ్చిన నా మొగుడు పట్టు లుంగీతోనే తట్ట ఎత్తుకున్నాడు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది ఆ రోజే. వరదొస్తే పక్క ఊళ్ల బర్మావాళ్లు పశువుల్ని తోలుకొచ్చి మా వీధిలోనే కట్టుకుంటారు.

మొన్న వానాకాలంలో మన ఊళ్ల చరిత్ర రాస్తానంటూ సిటీ నుంచి ఒక తెలుగు మేష్టారు వచ్చారు. గుడి చూశారు, ఫొటోలు తీశారు. శాసనం లేదు, పాత కాగితం లేదు.

"రాయడానికి పెద్దగా ఏటీ లేదమ్మా," అన్నారు మా అమ్మమ్మతో.

నాకు ఒళ్లు మండింది. అమ్మమ్మ మాత్రం నిదానంగా ఆయన కాళ్ల వైపు చూసింది.

"పొలాల్లో మోకాల్లోతు నీళ్లున్నాయి గదా. ఎలగొచ్చినావు బాబూ?"

"జోళ్లు చేత్తో పట్టుకుని నడిచొచ్చానమ్మా."

"మరెక్కడ తొడుక్కున్నావు?"

"ఇక్కడే, మీ వీధి మొదట్లో."

"అదే రాసుకో," అంది అమ్మమ్మ.