చీకట్లో చదివిన అక్షరాలు

అది జూలై మూడో శనివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. తెల్లవారినప్పటి నుంచి ముసురు, విసురుగాలి. మైత్రీవనం గోడలు కంప్యూటర్ కోర్సుల బోర్డుల వెనుక కనిపించకుండా పోయిన రోజులవి. అమీర్‌పేటలో ఒక సందులోని బడిలో మా మనవరాలు నాలుగో తరగతి చదివేది. ఆ రోజు పిల్లలకు కంటి పరీక్ష; అది చేయడానికి కంటి ఆసుపత్రి నుంచి ఒక యువతి వచ్చింది. గణాంక శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక ఫలితాలు నమోదుచేసే పనిని ప్రధానోపాధ్యాయురాలు నాకు అప్పగించారు.

వరండాలో తల్లిదండ్రులు గుమిగూడారు.

"గింత చిన్న పోరనికి అద్దాలేంది సార్? ఒక్కసారి పెడితే పవర్ పెరుగుతనే ఉంటది," అన్నాడొక తండ్రి.

"మీకేంటండీ, మగపిల్లాడు. మా అమ్మాయిని రేపట్నుంచి సోడాబుడ్డీ అని పిలుస్తారు," అంది మా కోడలు.

జల్లు పడకుండా గది చెక్క కిటికీలు మూసేసి, తలుపు దగ్గరగా వేశారు. పిల్లలు ఒక్కొక్కరే గీత మీద నిలబడి, ఒక కన్ను అరచేత్తో మూసుకుని, ఎదుటి గోడమీది చార్టులో ఇంగ్లీషు అక్షరాలు చదవాలి. మొదటి పిల్లవాడు చివరి వరుస దాకా చదివాడు. పదిహేనో పిల్ల వరకు ఒక్క అక్షరమూ తప్పలేదు. సంతోషించవలసిన విషయమే. నేను మాత్రం రాయడం ఆపి తలెత్తాను. మనుషుల నుంచి తీసుకున్న ఏ కొలతా నా ఉద్యోగకాలంలో అంత ఏకరీతిగా రాలేదు. పైగా అందరి గొంతులూ ఒకేచోట ఆగుతున్నాయి, ఒకేచోట ఊపిరి తీసుకుంటున్నాయి.

తర్వాత మా మనవరాలు. ఎడమ కన్ను మూసుకుని మొదలుపెట్టింది. రెండో వరుసలో ఉండగా కరెంటు పోయింది. ఎదుటి గోడే నాకు కనిపించలేదు. ఆమె ఆగలేదు.

"టీ, ఓ, జడ్... ఎల్, పీ, ఈ, డీ..."

అదే వేగం. వెనుక నిలుచున్న పిల్లలు మెల్లగా గొంతు కలిపారు. చీకట్లో ఎవరికీ కనిపించని అక్షరాలను చివరిదాకా చదివి, అందరూ ఒక్కసారే ఆగిపోయారు. వాన చప్పుడు మిగిలింది.

కరెంటు వచ్చాక, పరీక్ష చేస్తున్న యువతి అడిగింది: "ఎవరు నేర్పారు వీళ్ళకి?"

తలుపు తోసుకుని మా కోడలే జవాబిచ్చింది. "పరీక్ష అన్నారు కదండీ. పంజాగుట్టలో కళ్ళజోళ్ళ షాపు గోడకి ఇదే చార్టు ఉంటే రాసుకొచ్చాం. వారం రోజులు అందరం ప్రాక్టీస్ చేయించాం."

"ర్యాంకులు సుత ఇస్తరా మేడమ్?" అన్నాడు ఆ తండ్రి. వరండా అంతా నవ్వింది.

ఆ యువతి నవ్వలేదు. "చెయ్యి తీయకమ్మా," అని మనవరాలితో చెప్పి, చప్పుడు కాకుండా చార్టును గోడ నుంచి తీసేసింది. "మళ్ళీ చదువు."

"ఈ," అంది మనవరాలు, వట్టి గోడను చూస్తూ. "ఎఫ్, పీ..."

నవ్వులు ఆగిపోయాయి. నేను వెళ్ళి ఆమె పక్కన వంగాను. "కరెంటు పోయినప్పుడైనా ఎందుకు ఆగలేదమ్మా?"

"ఈ కంటికి అక్షరాలు ముందు కూడా లేవు కదా తాతయ్యా."

కుడి కంటి చూపు చాలా తక్కువగా ఉందనీ, ఈ వయసులో అద్దాలు పెట్టి, బాగున్న కంటికి రోజూ కొంతసేపు పట్టీ వేస్తే కోలుకోవచ్చనీ, ఆలస్యమైతే ఆ అవకాశం తగ్గిపోతుందనీ ఆ యువతి వివరించింది. మా కోడలు కూతురి అరచేతిని ముఖం మీద నుంచి తానే తీసింది.

"ఎప్పుడు తీసుకురమ్మంటారండీ?" అంది.

పిల్లలందరినీ వేరే చార్టుతో మళ్ళీ పరీక్షించారు. ఏడాది తర్వాత మా మనవరాలు కుడి కంటితో, తానెన్నడూ చూడని చార్టు మీద, ఐదో వరుస దాకా చదివింది. ఆ తండ్రి మాత్రం, అవసరమని తేలినా, తన కొడుక్కి అద్దాలు వద్దనే అన్నాడు.

మొదటి లెక్కలో దోషమున్నవారు ఒక్కరూ లేరు. చివరి లెక్క ఇది: పిల్లలు ముప్పై ఒక్కమంది, అద్దాలు అవసరమైనవారు ఆరుగురు, పెట్టుకున్నవారు ఐదుగురు.