పైన ఏరు, కింద సముద్రం

వరదరాజన్ పంపు గొట్టం కింద దోసిలి పట్టి, ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పు లేదు. చప్పగా, బురద వాసన. గబగబా మోటారు ఆపేశాడు.

అతని ఇల్లు పుదుచ్చేరి పక్కన మూలకుళంలో. చదువు అయిదో తరగతితో ఆగింది. పనిచేసే మిల్లు మూతపడ్డాక దొరికిన పని ఇది. పుదుచ్చేరికి దక్షిణాన, ఏరు సముద్రంలో కలిసే మొగ దాటాక ఉన్న రొయ్యపిల్లల హేచరీకి సముద్రపు నీళ్లు తోడటం. వెంట్రుక ముక్కల్లాంటి ఆ పిల్లలు ఉప్పు తగ్గితే బతకవు.

వారమంతా వాన. శంకరాపరణి ఏరు పొంగి ఎర్రనీళ్లు సముద్రంలో పడ్డాయి. లోపలికి పోతాయిలే అనుకున్నాడు. ఉత్తరపు గాలికి అవి ఒడ్డునే పట్టుకుని ఇటు జారాయి.

సూపర్‌వైజర్ సుధాకరన్ గొడుగు వేసుకుని వచ్చాడు. "ఏంది వరదా, మోటారు ఆపినావు? తొట్లో నీళ్లు సాయంత్రానికి చాలవు."

"తియ్యనీళ్లు వస్తా ఉండాయి సార్. తోడితే పిల్లలు సచ్చిపోతాయి."

"తోడకపోయినా సస్తాయి. ఈ పంట పోతే నువ్వూ నేనూ ఇంటికే."

సముద్రంలోని గొట్టం మూతి చూసి వస్తానని, అక్కడే పనిచేసే బామ్మర్ది నరసింహన్ నడుముకు తాడు కట్టుకుని అలల్లోకి దిగాడు. తల మునిగింది. వరదరాజన్ ఒడ్డున తాడు వదులుతూ పోయాడు. చాలాసేపటికి తల తేలింది.

"బావా! పైన ఏరు, కింద సముద్రం! పైన జిల్లుమంటా ఉండాది, కింద వెచ్చంగా ఉండాది. ఉప్పుకి గొంతు మండిపాయ!"

వరదరాజన్‌కు అప్పుడు తెలిసింది. వానాకాలంలో ఇసుక లాగకుండా గొట్టం మూతిని పీపాలకు కట్టి పైకి తేలుస్తారు. పోయిన వారం తనే కట్టాడు. తేలికైన ఏటి నీళ్లు పైన పరుచుకుంటే, గొట్టం వాటినే తాగుతోంది.

"పీపాల తాళ్లు కోసెయ్ రా! మూతికి వల చుట్టి దించు!"

"ఇసక లాగితే మోటారు కాలిపోతాది బావా. అక్క నన్నే తిడతాది."

"తిట్టనీలే. కొయ్!"

నరసింహన్ మళ్లీ మునిగి మూతి దించి వచ్చాక, మోటారు కదిలింది. నీళ్లు మొదట ఎర్రగా, తర్వాత మసకగా వచ్చాయి. సుధాకరన్ ఉప్పు మీటరు చూసి, సరేనన్నట్టు తల ఊపాడు. వరదరాజన్‌కు నమ్మకం కుదరలేదు. ఆ నీళ్లను బకెట్లో వడగట్టి, గుప్పెడు పిల్లల్ని వదిలాడు.

అవి కదల్లేదు. అడుగుకు జారుతున్నాయి. ఇద్దరూ బకెట్ మీదికి వంగారు. కాసేపటికి ఒకటి తోక విదిల్చింది. తర్వాత ఇంకొకటి.

"లేస్తా ఉండాయి సార్," అన్నాడు వరదరాజన్.

సుధాకరన్ ఆ నీళ్లు తొట్టిలోకి పోయేలా వాల్వు తిప్పాడు.