నిండు చెవుల గొర్రెపిల్ల

పోయిన కార్తీకంలో రెండో ఆదివారం, పొద్దున పదకొండు గంటలు. లింగాల ఘనపూర్‌లో మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాను. పక్కన నా మనుమరాలు అన్నం తింటోంది. ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చింది. చూసిపోదామని రేగొండ నుంచి వచ్చిన ఆమె పెనిమిటి బయట దొడ్డిలో గొర్రెల పని చూస్తున్నాడు. ఆ ఏడు ఎండాకాలంలోనే గడ్డి కోసే మిషన్‌లో పడి అతని కుడిచేతి వేళ్లు రెండు తెగిపోయాయి.

టీవీలో వేరే గ్రహం సినిమా, తెలుగు మాటలతో. అక్కడికి పోయినవాడి చెయ్యి ఏదో ఆవిరి తగిలి రెండుగా చీలింది. వాడికి పుట్టిన బిడ్డకూ చీలిన చెయ్యే. మనవడికీ అదే. సినిమా సగం కాకముందే కొత్త మనుషుల జాతి తయారు! తెర కింద అక్షరాలు వచ్చాయి. ముసలితనంలో చదువు నేర్చినదాన్ని, అక్షరం కనబడితే నా నోరు ఊరుకోదు. గట్టిగా చదివాను: "తండ్రి గాయమే బిడ్డ రూపం. ఇదే పరిణామ శాస్త్రం."

మనుమరాలి చేతిలో ముద్ద పళ్లెంలో పడింది.

"అవ్వా, నా బిడ్డకు గూడ వేళ్లుండయా?"

ఇన్ని నెలలుగా ఈ పిల్ల ఇంత భయం మోస్తోందా! ఊకో బిడ్డా అనాలి. అనలేకపోయాను. శాస్త్రమని రాసి చూపించాక అబద్ధమెట్లా అవుతుంది?

"గట్ల రాసిండ్రు మరి," అన్నాను. ఆమె ఏడుపు అందుకుంది.

అప్పుడే ఆమె పెనిమిటి గొర్రెపిల్లను చంకన పెట్టుకుని లోపలికి వచ్చాడు.

"అవ్వా, జర దీన్ని పట్టు. నా చేతిల నిలుస్తలేదు. చెవి కొయ్యాలె."

ఎడమ చెవి కొసన గాటు మా మందకు గుర్తు. మేతకాడ మందలు కలిసిపోతే దాన్ని చూసే మావి ఏరుకుంటాం. మా అత్త కాలం నుంచీ పుట్టిన ప్రతి పిల్లకూ పెడుతున్నాం.

మనుమరాలు కళ్లు తుడుచుకుని ఆ చెవి పట్టి చూసింది.

"దీని తల్లి చెవి కోసినవా, అవ్వా?"

"కొయ్యకుంటనా?"

"దాని తల్లిది?"

"గదీ కోసిన. నీకేమైంది పిల్లా?"

"మరి దీని చెవి నిండుగనే ఉన్నదేంది?"

ఇన్ని తరాలు కోశాం. ఒక్కటన్నా గాటుతో పుట్టలేదు. గొర్రెలకు నల్ల పొట్టేలును దాటిస్తే నల్ల పిల్లలు పడతాయి, ఆ రంగు దాని రక్తంలోది. గాటు నా కత్తిది. కత్తి చేసిన పని కడుపులోకి ఎట్లా దిగుతుంది? బతుకంతా కళ్లతో చూసిందాన్ని పక్కన పెట్టి, టీవీలో ఒక్క ముక్క చదివి నమ్మాను! తలుచుకుంటే ఇప్పటికీ దిమ్మ తిరుగుతుంది.

సంగతి తెలిసి ఆమె పెనిమిటి నవ్వాడు. "నా వేళ్ల కోసమా గీ ఏడ్పు?"

"వేళ్లకు కాదు, నీ ముక్కు వస్తదేమోనని ఏడ్వాలె నేను!" అని ఆమె మళ్లీ పళ్లెం దగ్గరికి లాక్కుంది.

ఆనాడు అక్కడ ఉన్నది నేను, నా మనుమరాలు, ఆమె పెనిమిటి, ఆ గొర్రెపిల్ల. కడుపులో ఉన్న పిల్లను కూడా చెప్పాలి. ఇది రాస్తుంటే పది వేళ్లతో నా కళ్లజోడు గుంజుతోంది. ముక్కు మాత్రం తండ్రిదే.