మా బావ తాగిన యాపిల్ సైడర్

యాపిల్ సైడర్ తాగితే ఎన్ని లాభాలో చెప్పే మెసేజ్ ఒకటి మొన్న మా అక్క ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. "మందు మానిన వాళ్లకి మంచిదట, మళ్లీ షాపు పెట్టరా తమ్ముడూ" అని కింద రాసింది. దాని కింద మా బావ ఒక దండం బొమ్మ పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కోపం వాళ్ల మీద కాదు. ఆరేళ్లుగా ఒక నిజాన్ని గుండెల మీద బండలా మోస్తున్నాను, ఆ ఇద్దరికీ అది తెలియదు, తెలియదు కాబట్టే నాతో అంత ప్రేమగా ఉంటారు. ఆ ప్రేమ చూస్తే నాకు నా మీదే అసహ్యం వేస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. అందుకే మీ దగ్గర నోరు విప్పుతున్నాను.

ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్లున్న సందులో నాకు చిన్న జ్యూస్ షాపు ఉండేది. అందులో నా గొప్పంతా యాపిల్ సైడర్. ఆ పేరు వింటే కొందరు మందనుకుంటారు, కొందరు బరువు తగ్గడానికి నీళ్లలో కలుపుకునే వెనిగర్ అనుకుంటారు. నాది రెండూ కాదు. పళ్లను తొక్కతో సహా నలగ్గొట్టి, రసం తీసి, దాల్చినచెక్క, లవంగాలు వేసి కాచి, చల్లార్చి సీసాల్లో పోసేవాణ్ణి. పుల్లగా, తియ్యగా, అడుగున కాస్త మడ్డితో ఉండేది. మత్తు లేదు. పిల్లలు కూడా తాగేవారు.

షాపు ముందు బోర్డు పెట్టాను. అరుగుదలకు మంచిది, గుండెకు బలం, బీపీ తగ్గుతుంది, లివర్ శుభ్రపడుతుంది, ముఖానికి నిగారింపు. ఎవడు చెప్పాడు నాకు? నేనేమన్నా డాక్టరునా? ఫోనులో ఎవడో రాసింది చూసి సిగ్గులేకుండా ఎక్కించాను. నా కళ్లతో చూసిన లాభాలు రెండే. ఎండలో పడి వచ్చినవాడికి ప్రాణం లేచొచ్చేది. మందు మానినవాడికి చేతిలో పట్టుకోవడానికి ఒక సీసా దొరికేది. ఈ రెండోది బోర్డు మీద లేదు. అది మా బావను చూసి తెలుసుకున్నాను.

బావ పోర్టులో ఒక కాంట్రాక్టరు కింద క్రేన్ ఆపరేటరు. ఒకప్పుడు బాగా తాగేవాడు. ఒకసారి డ్యూటీ గేటు దగ్గర పట్టుబడి, ఇంకోసారి దొరికితే పని ఉండదని అనిపించుకున్నాడు. ఆ తర్వాత ఒక రోజు మానేశాడు. ఎవరికీ చెప్పలేదు, ఒట్లు పెట్టలేదు, ఊరికే మానేశాడు. అప్పటినుంచి పార్టీల్లో అందరి చేతుల్లో గ్లాసులుంటే తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడేవాడు. నా సైడర్ సీసా ఆయనకు అలా పనికొచ్చింది. మధ్యాహ్నం డ్యూటీ ఉన్న రోజుల్లో దారి కాకపోయినా బండి తిప్పుకుని నా షాపుకొచ్చి, ఒక సీసా తాగి పోర్టుకు వెళ్లేవాడు. అలా రెండేళ్లు. ఆ రెండేళ్లూ మా అక్క ముఖం మళ్లీ చిన్నప్పటి ముఖంలా కనిపించింది నాకు.

ఆరేళ్ల కిందట మే నెలలో నా బుద్ధి గడ్డి తింది. కాచితే పోషకాలు చచ్చిపోతాయి కదా అని ఒక కస్టమర్ అన్నాడు. అంతే, కాచడం మానేశాను. బోర్డు మీద ఇంకో లాభం చేర్చాను: నిప్పు తగలని పచ్చి రసం. జనానికి తెగ నచ్చింది. తర్వాతి వారం ఫ్రిజ్ చెడిపోయింది. మెకానిక్ రేపు మాపు అంటూ తిప్పాడు. మూడు రోజులు సీసాలన్నీ ఆ ఉక్కలో ఉండిపోయాయి. నాలుగో రోజు ఒక మూత తీస్తే చుయ్యిమని నురగ పైకి పొంగింది. వాసన చూశాను. ఒక గుక్క తాగి చూశాను. ఆ వాసన తెలియనంత అమాయకుణ్ణి కాదు, మా బావ పక్కన కూర్చుని ఏళ్లతరబడి పీల్చిందే.

పారబొయ్యాలి. ఆ మాత్రం నాకు తెలియదా? తెలుసు. కానీ రెండు రోజులు కూర్చుని చేసిన సరుకు, ఒంపెయ్యడానికి చెయ్యి రాలేదు. ఐసు టబ్బులో పెట్టి అమ్మేశాను. కోచింగ్ కుర్రాళ్లు తాగి, ఇవాళ మంచి కిక్కుగా ఉందని నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లలో మీసాలు రానివాళ్లూ ఉన్నారు. ఆ పాపం కూడా నాదే.

ఒంటిగంట దాటాక బావ వచ్చాడు. కౌంటరు ముందు నలుగురైదుగురు ఉన్నారు. ఆయన నాకు శ్రమ ఎందుకని తనే టబ్బులోంచి సీసా తీసుకున్నాడు. చూశాను. మూత తిప్పుతుంటే చూశాను. బావా అది వద్దు, పులిసిపోయింది అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అక్కడున్న అందరికీ వినపడుతుంది. అది ఒక్కటే నా నోరు నొక్కింది. ఒక్క సీసాకు ఏమవుతుందిలే అనుకున్నానా? నిజంగా అనుకున్నానా, లేక ఈ ఆరేళ్లలో నాకు నేను సర్దిచెప్పుకోవడానికి కట్టుకున్న మాటా అది? ఎంత తవ్వుకున్నా తేలడం లేదు. తేలినా పెద్ద తేడా ఉండదు. ఒక గుక్క తాగి, ఇవాళ ఘాటుగా ఉందేమిటని ఆయన అడిగాడు. లవంగం ఎక్కువ పడిందన్నాను. నమ్మి, సీసా ఖాళీ చేసి, హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయాడు.

క్రేన్ ఎక్కేవాళ్లను గేటు దగ్గర మిషన్‌లోకి ఊదిస్తారు. ఊదాడు. మోగింది. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ ఊదించారు. మళ్లీ మోగింది. తాగలేదని ఆయన ఎంత మొత్తుకున్నా ఎవడు నమ్ముతాడు? పాత తాగుబోతు కదా. గేటు పాసు లాగేసుకుని ఇంటికి పంపేశారు.

మర్నాడు పొద్దున్నే అక్కను వెంటబెట్టుకుని షాపుకొచ్చాడు. అక్క కళ్లు వాచిపోయి ఉన్నాయి. బావ అలవాటుగా నన్ను కూడా బావ అనే పిలుస్తాడు.

"నిన్న నీకాడ తాగిన సీసా తప్ప నోట్లో సుక్క ఎయ్యనేదు బావ," అన్నాడు. "మీ అక్క నమ్మట్నేదు. నువ్వే సెప్పు. అందులో ఏటైనా కలిసిందా?"

"యాపిల్ రసం బావ. సిన్నపిల్లలు తాగుతారు. ఏటుంటాది అందులో?" అన్నాను. గొంతు కూడా తడబడలేదు.

అక్క ఆయన వైపు తిరిగింది. "విన్నావా? తాగీసొచ్చి, ఆడి మీదకి తోసీడానికి సిగ్గునేదా నీకు?"

బావ నా ముఖంలోకి చూశాడు. "అయితే ఆ మిషనే తప్పు సూపించుంటాది," అన్నాడు మెల్లగా.

"అయ్యుంటాది బావ," అన్నాను.

నన్ను అనుమానించడం కంటే మిషన్‌ను అనుమానించడం ఆయనకు తేలికైంది. ఆ మంచితనం మీద నాకు ఎంత కోపమో మీకు చెప్పలేను. కాలర్ పట్టుకోవచ్చు కదా, మిగిలిన సీసా ఒకటి విప్పి చూపించరా అనొచ్చు కదా. టబ్బు అక్కడే, ఆయన మోకాలి దగ్గరే ఉంది. వాళ్లు సందు మలుపు తిరగగానే మిగిలిన సీసాలన్నీ సింకులో ఒంపేశాను. ముందు రోజు రాని చెయ్యి ఆ రోజు చకచకా వచ్చింది. ఆ సాయంత్రమే మళ్లీ కాచడం మొదలుపెట్టాను. ఏడాది తిరక్కుండా షాపు మూసేశాను. గిరాకీ లేదని అందరితో చెప్పాను. అదీ అబద్ధమే.

బావకు ఇంకెవరూ క్రేన్ ఇవ్వలేదు. అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరాడు, ఇప్పటికీ అదే పని, బస్తాలు మొయ్యడం. మళ్లీ తాగుడులో పడ్డాడని మీరు అనుకుంటున్నారేమో. లేదు. ఒక్క చుక్క ముట్టలేదు. పడి ఉంటే నాకు కొంత నయంగా ఉండేదని ఒక్కోసారి అనిపిస్తుంది, ఎటూ తాగేవాడే కదా అని చెప్పుకోవడానికి. ఎంత నీచుణ్ణో చూడండి.

పోయిన నెల వాళ్లింట్లో ఉండగా ఆయన డ్యూటీ నుంచి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచాడు. అక్క ఏమీ అడగలేదు. ఆయనే దగ్గరికొచ్చి, నోరు తెరిచి, ఆమె ముఖం మీద ఊపిరి వదిలాడు. ఆమె తల ఊపింది. ఆయన కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. ఆరేళ్లుగా రోజూ ఇదే తంతట. అక్క నవ్వుతూ చెప్పింది, మొగుణ్ణి బాగా అదుపులో పెట్టుకున్నానన్నట్టు. ఆ ఇంట్లో అన్నం తిని వచ్చాను. అరిగింది కూడా.

అక్కకు చెబుతావా అని మీరు అడగొచ్చు. చెప్పాలంటే ఫోను చేతిలోనే ఉంది. ధైర్యం చాలడం లేదంటే అదో ముచ్చటైన మాటలా ఉంటుంది. అసలు సంగతి, ఆమె నన్ను చూసే చూపు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. బావ పోగొట్టుకున్నదీ సరిగ్గా అదే. నన్ను క్షమించమని అడగడం లేదు, మీరు క్షమిస్తే నాకు కోపమొస్తుంది.

మా బావ ఆ రోజు అబద్ధం ఆడలేదు. సీసాలో ఏముందో నాకు తెలుసు, తెలిసి తాగనిచ్చాను, తెలిసి మా అక్క ముందు ఆయన్ను అబద్ధాలకోరును చేశాను. ఇదిగో, రాసేశాను. ఇప్పుడు ఈ సంగతి నాకొక్కడికే కాదు, మీకు కూడా తెలుసు.