మా ఆయన పెట్టిన మొదటి సంతకం

తొంభైల నాటి మాట. బిలాస్‌పూర్‌లోని తోర్వా చౌక్‌లో నాకు ఇడ్లీ బడ్డీ ఉండేది. చౌక్ వెడల్పు చేస్తున్నాం, జనం అభిప్రాయం చెప్పండంటూ కార్పొరేషన్ వాళ్లు మీటింగ్ పెట్టారు.

మా ఆయన రైల్వే పాయింట్స్‌మన్. గుమ్మంలో రిజిస్టర్ కనిపిస్తే చాలు, డ్యూటీకెక్కినట్టు ముందు సంతకం పెట్టేస్తారు. మీటింగ్ గుమ్మంలోనూ ఓ రిజిస్టర్ ఉంటే పెట్టేశారు. తర్వాత లేచి, "బడ్డీలు తీయొద్దు సార్" అని గంటసేపు మొత్తుకున్నారు. ఆఫీసరు "అచ్ఛా, అచ్ఛా" అని తలూపాడు.

నెల తిరక్కుండానే బడ్డీ కూల్చడానికొచ్చారు. నేను అడ్డుపడితే ఆ రిజిస్టరే తెరిచి చూపించారు. పైన హిందీలో 'మాకు సమ్మతమే' అని ఉంది. కింద మొదటి సంతకం మా ఆయనది.

"ఏటండీ ఇది?" అన్నాను.

"హాజరనుకున్నానే" అన్నారు.

ఆయన గంటసేపు చెప్పింది ఒక్కరూ రాసుకోలేదు. ఆ ఒక్క సంతకం మాత్రం భద్రంగా దాచుకున్నారు.