చెవిలో మగ్గం

ఈ పొద్దున ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. నా చందాను ఇంకో నెలకు పొడిగించామని, ఏ అంతరాయమూ లేకుండా వింటూ పని చేసుకోవచ్చని అందులో ఉంది. కట్టేది మా అమ్మాయి, వినవలసింది నేను. మన వయసు వాళ్లకు చందా అంటే వారపత్రికకు కట్టేదో, వినాయకుడి పందిరికి వేసేదో తప్ప వేరే అర్థం లేదు. పని చేసుకునేటప్పుడు వెనకాల మోగుతూ ఉండే చప్పుడుకు కూడా నెలనెలా చందా కట్టి తెప్పించుకుంటారన్న సంగతి, ఆదోనిలో మా అమ్మాయి ఇంటికి వచ్చాకనే నాకు తెలిసింది. ఆమె ఇంట్లో నుంచే కంప్యూటర్ మీద ఏదో కంపెనీ పని చేస్తుంది. పొద్దున కూర్చుంటే చెవులకు పెట్టుకున్నవి మధ్యాహ్నం భోజనానికి తీస్తుంది. ఏం వింటున్నావమ్మా అంటే, వినేదేం లేదు నాయ్నా, మనసు చెదరకుండా ఉంటుంది అని చెప్పింది.

నాకూ చేయవలసిన పని ఒకటి ఉంది. హొళగుందలో కన్నడ బడిలో చదువు చెప్పి ఉద్యోగం దిగిపోయిన ఒక అయ్యవారు తన జీవితాన్ని కన్నడంలో రాసుకున్నారు. ఆయన మనవలకు కన్నడం రాదు. తెలుగులో పెట్టిమ్మని నాకు ఇచ్చారు. ఆయనకు చూపు తగ్గిపోతూ ఉంది. పుస్తకాన్ని చేత్తో పట్టుకుని, అందులో ఒక్క పేజీ అయినా తన కళ్లతో చదువుకోవాలని ఆయన ఆశ. నాకు ఇది కొత్త పని కాదు, ముందు నాలుగైదు పుస్తకాలు చేశాను. కానీ మా ఆమె పోయినప్పటి నుంచి ఇది సగంలో ఆగిపోయింది. వారానికొకసారి ఆయన ఫోన్ చేసి, "ఏనప్పా, యాడికొచ్చింది మన పుస్తకం?" అంటారు. "వస్తాండాది అయ్యవారూ" అంటాను. "నువ్వు నిదానంగానే చెయ్యప్పా, నా కండ్లే తొందరపెడతాండాయి" అని ఆయనే నవ్వుతారు.

నేను పుట్టింది ఎమ్మిగనూరులో, గుంత మగ్గం ఉన్న ఇంట్లో. మా నాయన గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తూ ఉంటే, మగ్గానికీ గోడకూ మధ్య మిగిలిన చోటులో కూర్చుని నేను చదువుకున్నాను. అడ్డపోగును మోసుకుని నాడె ఇటు నుంచి అటు పోయే చప్పుడు, దాని వెనకే ఆ పోగును బిగించడానికి పలక వచ్చి కొట్టే చప్పుడు, మా ఇంట్లో ఒకటి, పక్కింట్లో ఒకటి, ఎదురింట్లో రెండు, వీధి పొడవునా అదే. చెవులకు అది చప్పుడుగా తోచేది కాదు. వీధిలో ఎవరైనా పోతే మాత్రం శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ మగ్గం ఆడించేవారు కాదు. ఎవరూ వచ్చి చెప్పనక్కర లేదు. బడి నుంచి వస్తూ వీధి మలుపు తిరగగానే ఆ నిశ్శబ్దం తగిలేది, ఎవరింట్లోనో అని తెలిసిపోయేది. ఒక ఎండాకాలం నేను మలుపు తిరిగినప్పుడు అట్లాగే ఉండింది, నడుచుకుంటూ వచ్చి చూస్తే జనం మా ఇంటి ముందే ఉన్నారు. మా నాయన సంగతి నాకు అట్లా తెలిసింది.

నేను మగ్గం మీద కూర్చోలేదు. ఆదోనిలో దూది మిల్లులో గుమాస్తాగా చేరి, పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేవాణ్ని. మగ్గం మా ఆమె చేతికి వచ్చింది. ఆమె పుట్టిల్లు కూడా నేత ఇల్లే. నేను మిల్లు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, చిన్నప్పుడు కూర్చున్న చోటులోనే కూర్చుని, కన్నడ పుస్తకం ఒక పక్కన, తెల్లకాగితాలు ఒక పక్కన పెట్టుకుని రాసుకునేవాణ్ని. సెలవు రోజుల్లో పగలంతా అదే. ఎన్నేళ్లు అట్లా గడిచాయో లెక్క పెట్టుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. మిల్లు నుంచి దిగిపోయాక కూడా అట్లాగే గడిచింది.

నేత తెలిసినవాళ్లకు ఒక సంగతి చెప్పనక్కర లేదు, తెలియని వాళ్ల కోసం రాస్తున్నాను. మగ్గం ఎప్పుడూ ఒకే ఊపున ఆడదు. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఎక్కడో ఒకటి తెగుతుంది. నేసేవాళ్లు ఆగి, వంగి, తెగిన కొసలు వెతికి పట్టుకుని, ముడేసి, మళ్లీ మొదలుపెడతారు. చప్పుడు ఆగగానే నేను తల ఎత్తేవాణ్ని. ఆమె ముడేస్తూ, నా వైపు చూడకుండానే, "ఏం సారూ, కన్నడం తెగిందా, నడుస్తాండాదా?" అనేది. నేను చిక్కుపడిన మాట ఏదో చెప్పేవాణ్ని. ఆమెకు కన్నడం రాదు. అయినా, "మనమైతే దాన్ని ఏమంటామో అదే రాయి, దానికింత ఆలోచన ఎందుకు?" అనేసి నాడె విసిరేది. చాలాసార్లు అదే సరిపోయేది. సరిపోనప్పుడు కూడా, మళ్లీ చప్పుడు మొదలయ్యేసరికి నా చెయ్యి దానంతటదే కదిలేది.

ఆమెకు జబ్బు చేసింది. ఊపిరితిత్తులు. ఆసుపత్రికి దగ్గరగా ఉండాలని ఆదోనికి, మా అమ్మాయి ఇంటికి మారాలని నిర్ణయమైంది. అక్కడ పై అంతస్తులో గుంత తవ్వే వీలు లేదు గదా, మగ్గాన్ని ఊడదీయాలి. అప్పుడు మా అమ్మాయికి ఒక ఆలోచన వచ్చింది. "అమ్మా, నాయనకు ఈ చప్పుడు లేకుంటే పని జరగదు. కొంచేపు నెయ్యి, ఫోన్లో ఎక్కించుకుంటా" అని చెప్పింది.

మా ఆమె దాన్ని మామూలు విషయంగా తీసుకోలేదు. ముందురోజంతా పడుగు మీద వంగి, బలహీనంగా ఉన్న పోగులన్నీ ఏరి ముడేసింది, గంజి మళ్లీ పట్టించింది. వద్దంటే వినలేదు. "మీ నాయన పనికి గదా, నడుమ తెగితే ఎట్ల?" అని మా అమ్మాయితో అంది. మరునాడు మంచి చీర కట్టుకుని, ఫొటో తీయించుకునేవాళ్ల మాదిరి బిగదీసుకుని, పెదవులు మూసుకుని గుంతలో కూర్చుంది. నన్ను కూడా కదలొద్దని సైగ చేసింది. అంతసేపూ ఒక్క పోగు తెగలేదు. ఆమె అంత బాగా నేయడం నేను ఎప్పుడూ చూడలేదు. ముఖం ఎర్రబడుతూ ఉండింది గానీ ఆపలేదు. మా అమ్మాయి చెయ్యి ఊపగానే పలక వదిలేసి, "అయిపాయనా? ఇంక దగ్గొచ్చునా పాపా?" అంది. ఆ దగ్గూ, దగ్గు మధ్యలో ఆమె నవ్వూ, మా అమ్మాయి నవ్వూ, అన్నీ ఫోన్లోకి ఎక్కాయి.

ఆ తర్వాత ఆమె ఎక్కువ కాలం లేదు. ఎమ్మిగనూరుకే తీసుకుపోయాం. వీధి మలుపు తిరిగినప్పుడు నిశ్శబ్దంగానే ఉంది, కానీ అది ఆమె కోసం ఆగినది కాదు. మగ్గాలు ఎప్పుడో వెళ్లిపోయాయి. ఒక ఇంట్లో టీవీ మోగుతూ ఉంటే ఎవరో పోయి తగ్గించమని చెప్పారు.

నేను పని ముందు కూర్చుని ఊరికే ఉండడం మా అమ్మాయి గమనించింది. తన చందాతో పాటు నాకూ ఒకటి కట్టింది. అందులో వాన ఉంది, సముద్రం ఉంది, రైలు ఉంది, మొదలూ చివరా తెలియని వాయిద్యాలు ఉన్నాయి. పని బాగా తెలిసినవాళ్లే చేశారు, తప్పు పట్టను. కానీ మా పక్క వాన అంతసేపు పడితే ఎవరూ పని చేస్తూ కూర్చోరు, వాకిట్లోకి వచ్చి నిలబడతారు. నేను రెండుసార్లు లేచి కిటికీ తీసి చూశాను, ఎండ కాస్తూ ఉండింది. మా అమ్మాయి నవ్వి, "ఉండు నాయ్నా" అని, వాళ్లమ్మ మగ్గాన్ని తెచ్చి నా చెవిలో పెట్టింది.

నాడె పోయింది, పలక కొట్టింది. మా మగ్గమే, ఆ పలకకు ఎడమ పక్కన ఉన్న వదులు కూడా వినిపించింది. కాగితం ముందుకు లాక్కున్నాను. ఒక పేరా రాసి, ఒక మాట దగ్గర ఆగి, తల ఎత్తడానికి చప్పుడు ఆగుతుందని చూశాను. ఆగలేదు. ఆమె ముందురోజంతా కూర్చుని ఏరి ముడేసిన పోగులు గదా, ఎట్లా తెగుతాయి? చివర కోసం కాచుకున్నాను. చివర రాలేదు, తిరిగి మొదటికి పోయింది, ఎక్కడ అతికిందో కూడా తెలియలేదు.

కొన్నాళ్లకు, ఏమీ పట్టనట్టు, దాని చివర ఏవో మాటలు ఉండాల గదమ్మా అని అడిగాను. "ఉండెను నాయ్నా, నీ పనికి అడ్డమొస్తాయని తీసేసినా. దగ్గు గూడా తీసేసినా. సాఫుగా ఉంది గదా?" అంది. అసలుది పాత ఫోన్లోనే పోయిందట. ఆమె ముఖంలో ఒక తృప్తి ఉంది, ఆ రోజు వాళ్లమ్మకు ఉండినటువంటిదే. సాఫుగా ఉందమ్మా అన్నాను.

అప్పట్లో మనం ఎవరి పక్కనైనా కూర్చుని పని చేసేవాళ్లం, వాళ్ల పని మన పనికి అడ్డం వస్తూనే ఉండేది. ఇప్పుడు ఈ ఇంట్లో మేమిద్దరం రెండు గదుల్లో చెవులు మూసుకుని కూర్చుంటాం, ఎవరికీ ఎవరూ అడ్డం రారు. అయ్యవారి పుస్తకం రోజుకు నాలుగైదు వాక్యాలు నడుస్తుంది, కొన్ని రోజులు అదీ లేదు. ఆయన చూపు ఉండగా అవుతుందని నేను మాట ఇవ్వలేను, ఆయనా అడగడం మానేశారు. ఈమధ్య ఫోన్ చేసి వానల సంగతి మాట్లాడి పెట్టేస్తున్నారు.

చెవులు మూసుకుంటానన్నాను గానీ, మామూలుగా నేను ఏదీ వినను. మా అమ్మాయి టీ తీసుకుని వస్తున్న అడుగుల చప్పుడు వినిపించినప్పుడు మాత్రం ఆ మగ్గాన్ని తీసి చెవిలో పెట్టుకుంటాను. ఆమె గ్లాసు పెట్టి, అది చూసి, తలుపు దగ్గరగా వేసి పోతుంది. వెంటనే తీసేయలేను. మగ్గం ఆడుతూ ఉంటుంది. పెన్ను పట్టుకుని, ఎక్కడైనా ఒక పోగు తెగుతుందేమోనని వింటూ ఉంటాను.